థర్మోస్టాట్‌కి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? సీ వైరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, కెనడాల్లో సెంట్రల్ హీటింగ్, ఏసీ ఉన్న ఇంట్లో పాత థర్మోస్టాట్ తీసేసి వైఫై థర్మోస్టాట్ పెట్టుకుందామనుకుంటే మొట్టమొదట అడ్డుపడేది సీ వైరు, అంటే థర్మోస్టాట్‌కి ఎప్పుడూ కరెంటు అందేలా చేసే కామన్ తీగ. కొత్త థర్మోస్టాట్ డబ్బా మీదే "సీ వైరు కావాలి" అనో, "చాలా ఇళ్లలో సీ వైరు అక్కర్లేదు" అనో రాసి ఉంటుంది. ఈ రెండో మాట నమ్మి కొన్నవాళ్లలో కొందరికి ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాదు. ఇంకొందరికి మొదటి చలికాలంలోనే టెన్షన్ మొదలవుతుంది. స్ప్లిట్ ఏసీ రిమోట్‌తో పెరిగిన మనలాంటి వాళ్లకి గోడలోంచి వచ్చే ఈ సన్నని రంగుల తీగలు బొత్తిగా కొత్త. ఎవర్ని అడిగినా "ఈ తీగ ఇక్కడ పెట్టు, ఆ తీగ అక్కడ పెట్టు" అంటారే తప్ప ఎందుకో చెప్పరు. కరెంటు ఏ దారిన పోతుందో తెలిస్తే మిగతావన్నీ మీకే అర్థమవుతాయి. అందుకే ఇక్కడ ముందు ఆ దారి గురించి, తర్వాత రిపేర్ల గురించి రాశాను.

థర్మోస్టాట్ అసలు చేసే పని ఏమిటి?

అది ఒక స్విచ్. గది చల్లబడితే ఒక తీగని ఇంకో తీగతో కలుపుతుంది, వేడెక్కగానే విడదీస్తుంది.

ఫర్నేస్‌లోనో (ఇంటికి వేడిగాలి పంపే యంత్రం), ఎయిర్ హ్యాండ్లర్‌లోనో (ఇంట్లోకి గాలి తోసే ఫ్యాన్ యూనిట్) ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఇంటి 120 లేదా 240 వోల్టుల్ని అది 24 వోల్టుల ఏసీ కరెంటుగా తగ్గిస్తుంది (ఇక్కడ ఏసీ అంటే ఆల్టర్నేటింగ్ కరెంటు, చల్లబరిచే ఏసీ కాదు). చాలా ఇళ్లలో దాని సామర్థ్యం 40 వీఏ (వోల్ట్ యాంపులు), అంటే సుమారు 1.7 యాంపులు. దాని ఒక కొస పేరు ఆర్, రెండో కొస పేరు సీ. ఆర్ గోడలోంచి థర్మోస్టాట్ దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి డబ్ల్యూ తీగ హీటింగ్‌కి, వై తీగ ఏసీ కంప్రెసర్‌కి, జీ తీగ ఫ్యాన్‌కి తిరిగి వెళ్తాయి. థర్మోస్టాట్ ఆర్‌ని వైతో కలిపితే బయటి యూనిట్‌లో కాంటాక్టర్ (కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) కాయిల్‌కి 24 వోల్టులు అంది, అది టక్కున పడి కంప్రెసర్ మొదలవుతుంది. ఆ కాయిల్ రెండో కొస ఫర్నేస్ దగ్గరే సీకి కలిసి ఉంటుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ ఏర్పాటులో సీకి గోడ దగ్గర పనేమీ లేదు. సర్క్యూట్ అంతా ఫర్నేస్ దగ్గరే పూర్తవుతుంది. అందుకే పాత ఇళ్లు కట్టినవాళ్లు సీ తీగని గోడదాకా లాగలేదు. అది వాళ్ల పొరపాటేమీ కాదు, అప్పటి థర్మోస్టాట్‌కి దాని అవసరం లేదు.

తీగ రంగుని బట్టి ఏది ఏదో చెప్పొచ్చా?

ఆర్‌కి ఎరుపు, డబ్ల్యూకి తెలుపు, వైకి పసుపు, జీకి ఆకుపచ్చ, సీకి నీలం లేదా నలుపు వాడటం అలవాటు. అది అలవాటే కానీ చట్టం కాదు. మీ ఇంటికి తీగలు కలిపిన మనిషి ఆ రోజు చేతికందిన రంగు వాడి ఉండొచ్చు. తీగ ఏ అక్షరం ఉన్న టెర్మినల్‌కి బిగించి ఉందో అదే లెక్క. విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. గోడ దగ్గర ఒకటి, ఫర్నేస్ బోర్డు దగ్గర ఒకటి.

మరి పాతకాలం గుండ్రటి థర్మోస్టాట్ కరెంటు లేకుండా ఎలా పనిచేసింది?

హనీవెల్ కంపెనీ 1953లో తెచ్చిన ఆ గుండ్రటి మోడల్ ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. లోపల రెండు లోహాల్ని అతికించి చుట్టిన స్ప్రింగు ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ, ఇంకొకటి తక్కువ సాగడంతో ఆ చుట్ట తిరుగుతుంది. దాని మీద ఉన్న గాజు గొట్టం ఒరిగితే లోపలి పాదరసం జారి రెండు తీగల్ని కలుపుతుంది. దీనికి బ్యాటరీ గానీ కరెంటు గానీ అక్కర్లేదు.

అయితే ఆ రోజుల్లోనే ఒక చక్కటి చిన్న ఉపాయం ఉండేది. ఫర్నేస్ ఆగిన తర్వాత కూడా గొట్టాల్లో మిగిలిన వేడి గదిలోకి వస్తూనే ఉంటుంది. కాబట్టి థర్మోస్టాట్ కాస్త ముందే ఆగాలి. అందుకోసం లోపల యాంటిసిపేటర్ అనే చిన్న రెసిస్టర్ పెట్టి, హీటింగ్ సర్క్యూట్‌లో పారే కరెంటుతోనే దాన్ని వేడెక్కించేవాళ్లు. ఏసీ వైపు రెసిస్టర్‌ని స్విచ్‌కి పక్కనే, సమాంతరంగా పెట్టేవాళ్లు. అంటే ఏసీ ఆగి ఉన్నప్పుడు కూడా కాంటాక్టర్ కాయిల్ గుండా కొద్దిపాటి కరెంటు ఆ రెసిస్టర్‌లో పారుతూ ఉండేది. కాయిల్ పడేంత కరెంటు కాదు కాబట్టి ఏ సమస్యా లేదు. ఇప్పుడు వైఫై థర్మోస్టాట్లు చేసేది కూడా ఇదే. కొత్తగా కనిపెట్టామని చెప్పుకునే చాలా వాటికి ఇలాంటి పాత మూలం ఒకటి ఉంటుంది, ఇది నాకు బాగా నచ్చిన ఉదాహరణ.

బ్యాటరీ థర్మోస్టాట్ రెండు సెల్స్‌తో ఏడాది నడుస్తుంది కదా, వైఫై థర్మోస్టాట్ ఎందుకు నడవదు?

లెక్క వేసి చూద్దాం. రెండు డబుల్ ఏ ఆల్కలైన్ సెల్స్‌లో కలిపి సుమారు 7 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. భాగిస్తే ఒక మిల్లీవాట్ కూడా రాదు. అంత తక్కువతో నడవాలంటే తెర బ్యాక్‌లైట్ లేకుండా ఉండాలి, లోపలి రిలే (కరెంటుతో మారే స్విచ్) కూడా లాచింగ్ రకం కావాలి. అది మారేటప్పుడు మాత్రమే ఒక్క దెబ్బ కరెంటు తీసుకుని, తర్వాత ఏమీ తీసుకోకుండా అదే స్థితిలో ఉండిపోతుంది.

వైఫై చిప్ సిగ్నల్ పంపే క్షణంలో ఒక వాట్ దాకా లాగుతుంది. రంగుల తెర వెలిగితే ఇంకొంత. ఎంత నిద్రపుచ్చినా సగటు ఖర్చు మిల్లీవాట్ కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. సెల్స్ మీదే బతకమంటే తరచూ మార్చుకుంటూ కూర్చోవాలి.

సీ వైరు లేకపోయినా కొన్ని థర్మోస్టాట్లు కరెంటు ఎలా తెచ్చుకుంటాయి?

ఈ పేజీలో అసలు ప్రశ్న ఇదే.

మల్టీమీటర్ ఉంటే మీరే చూడొచ్చు. సీ వైరు లేని గోడ దగ్గర, ఏసీ ఆగి ఉన్నప్పుడు, ఆర్‌కీ వైకీ మధ్య ఏసీ వోల్టులు కొలవండి. 24 కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. సీ లేకుండా అది ఎలా వచ్చింది? వై తీగ వెళ్లి కాంటాక్టర్ కాయిల్ గుండా సీనే చేరుతుంది కాబట్టి. మీటర్ తీసుకునే కరెంటు ఏ మూలకీ చాలదు. అందుకే కాయిల్ దాన్ని పట్టించుకోదు, తానూ ఒక తీగలాగే ఉంటుంది.

థర్మోస్టాట్ కూడా ఆ మీటర్ ఉన్నచోటే ఉంది. స్విచ్ తెరిచి ఉన్నప్పుడు దాని రెండు వైపులా 24 వోల్టులు ఉంటాయి. కాయిల్‌ని కదిలించనంత కొద్దిపాటి కరెంటు, ఇరవై మిల్లీయాంపుల్లాంటిది, ఆ దారిన లాక్కుని తన బ్యాటరీని నింపుకుంటుంది. దీన్నే పవర్ స్టీలింగ్, అంటే కరెంటు దొంగతనం అంటారు. కాంటాక్టర్ పడాలంటే దాని కాయిల్‌కి దాదాపు 18 వోల్టులు అందాలి. ఆ కాయిల్ అడ్డు 60 ఓమ్‌లు అనుకుందాం. 20 మిల్లీయాంపులు పారితే దాని మీద పడేది ఒక వోల్టు చిల్లర. కాయిల్ కదలనే కదలదు.

మన ఇళ్లలో ఇండికేటర్ ఉన్న స్విచ్ గుర్తు తెచ్చుకోండి. స్విచ్ ఆపినప్పుడు వెలిగే ఆ చిన్న ఎర్ర దీపానికి కరెంటు వచ్చేది ఎదురుగా ఉన్న బల్బు గుండానే. 60 వాట్ల పాత బల్బు ఉన్నంతకాలం అది ఎవరి కంటా పడలేదు. ఎల్ఈడీ బల్బు పెట్టాక, స్విచ్ ఆపినా కొన్ని బల్బులు మసకగా వెలగడం, మినుకుమినుకుమనడం మొదలైంది. థర్మోస్టాట్‌తో వచ్చే గొడవల్లో సగం ఈ రకమే. కింద చెప్తాను.

ఏసీ నడుస్తున్నప్పుడు స్విచ్ మూసుకుపోతుంది కదా, అప్పుడు వోల్టేజీ ఎక్కడిది?

ఉండదు. ఆర్, వై కలిసిపోతే వాటి మధ్య వోల్టేజీ సున్నా. అందుకే ఇది ఆగి ఉన్నప్పటికంటే కష్టమైన పని.

దీనికి తయారీదారులు రకరకాల దారులు పట్టారు. ఎక్కువగా వాడేది, మూసి ఉన్న ఎలక్ట్రానిక్ స్విచ్‌ని ప్రతి ఆవృత్తిలోనూ అతి కొద్ది కాలం తెరిచి, ఆ సందులో వచ్చిన వోల్టేజీని కెపాసిటర్‌లోకి పట్టడం. 60 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవృత్తి 16.7 మిల్లీసెకన్లు. అందులో ఒక ముక్క తెరిచినా, బరువైన కాంటాక్టర్ ఇనుప పలక వదిలే లోపే స్విచ్ మళ్లీ మూసుకుంటుంది. ఇంకొన్ని థర్మోస్టాట్లు పారుతున్న కరెంటుకి వరసలో చిన్న అడ్డు పెట్టి, అక్కడ పడే ఒకటి రెండు వోల్టులతో సరిపెట్టుకుంటాయి. మామూలు రిలేలకి ఇంత వేగం ఉండదు కాబట్టి ఇలాంటి థర్మోస్టాట్లలో ట్రయాక్, మాస్‌ఫెట్ లాంటి ఎలక్ట్రానిక్ స్విచ్‌లు వాడతారు.

అయితే ఈ రెండో రకంలో ఎదుటి పరికరానికి అందే వోల్టేజీ ఆ మేరకు తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అప్పటికే బలహీనంగా ఉంటే కాంటాక్టర్ జుయ్యిమని మోగొచ్చు.

మరి లోపల బ్యాటరీ దేనికి?

వచ్చే కరెంటు సన్నగా, నిలకడగా ఉంటుంది. ఖర్చు మాత్రం ఉండుండి ఎక్కువగా ఉంటుంది. ఆ రెండింటినీ సర్దడానికే. 2011లో అమ్మకానికి వచ్చిన నెస్ట్ లెర్నింగ్ థర్మోస్టాట్ ఈ పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది. లోపల రీచార్జబుల్ లిథియం బ్యాటరీ ఉంచుకుని, సీ లేని ఇంట్లో డబ్ల్యూ, వై తీగల గుండా దాన్ని నింపుకుంటుంది. 2020లో వచ్చిన చవక నెస్ట్ మోడల్ ఆ పనికి రెండు ట్రిపుల్ ఏ సెల్స్ వాడుతుంది. కెనడాకి చెందిన ఎకోబీ కంపెనీ వేరే దారి పట్టింది. సీ వైరు ఉండాల్సిందే అని చెప్పి, లేనివాళ్లకి డబ్బాలో ఒక కిట్ ఇచ్చింది. కొన్నప్పుడు కాస్త విసుగనిపించినా, నన్నడిగితే రెండో దారే మంచిది. కరెంటు గురించి ముందే తేల్చుకుంటే అర్ధరాత్రి హీటర్ ఆగిపోయే బాధ ఉండదు.

సీ లేకుండా పెట్టాం. ఫర్నేస్ దానంతటదే టక్ టక్ మంటోంది. ఫర్నేస్ పాడైందా?

తొందరపడి ఫర్నేస్ మార్చకండి. పాత ఫర్నేస్‌లో డబ్ల్యూ తీగ గ్యాస్ వాల్వ్ కాయిల్‌కో, పెద్ద రిలేకో చేరేది. వాటి అడ్డు తక్కువ. దొంగ కరెంటు పారినా వాటి మీద వోల్టేజీ లేవదు. కొత్త ఫర్నేస్‌లో డబ్ల్యూ తీగ చేరేది ఎలక్ట్రానిక్ బోర్డుకి. ఆ బోర్డుకి 24 వోల్టులు వచ్చాయా లేదా అని తెలిస్తే చాలు, కరెంటు పెద్దగా తీసుకోదు. దాని అడ్డు వేల ఓమ్‌లలో ఉండొచ్చు. ఉదాహరణకి 4,000 ఓమ్‌ల అడ్డు గుండా 5 మిల్లీయాంపులు లాగితే బోర్డు మీద 20 వోల్టులు కనబడతాయి. థర్మోస్టాట్ హీటింగ్ అడగకపోయినా అడిగినట్టే బోర్డుకి తోస్తుంది. ఒక్క క్షణం మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ టక్ టక్ శబ్దం అదే.

ఇండికేటర్ స్విచ్ ముందు పాత బల్బుకీ ఎల్ఈడీకీ ఉన్న తేడానే ఇక్కడ పాత ఫర్నేస్‌కీ కొత్త ఫర్నేస్‌కీ ఉంది. అందుకే అదే థర్మోస్టాట్ పక్కింట్లో ఏళ్లుగా బాగా నడుస్తూ మీ ఇంట్లో మాత్రం సతాయిస్తుంది. "మా ఫ్రెండ్‌కి బాగానే పనిచేస్తోంది" అన్న మాట ఈ విషయంలో పనికిరాదు.

ఇలాంటి ఇబ్బందే ఇంకా కొన్ని రూపాల్లో వస్తుంది. అడగకుండానే ఫ్యాన్ తిరగడం, కాంటాక్టర్ గడగడలాడటం, థర్మోస్టాట్ వైఫై మాటిమాటికీ తెగిపోవడం, తెల్లవారుజామున తెర నల్లగా మారి ఇల్లు చల్లబడిపోవడం. కాంటాక్టర్ గడగడలాడుతుంటే మాత్రం వెంటనే ఏసీ ఆపండి. అది కంప్రెసర్‌ని నిమిషానికి ఎన్నోసార్లు ఆపి మొదలుపెడుతున్నట్టు లెక్క, కంప్రెసర్ ఖరీదు ముందు థర్మోస్టాట్ ధర ఏమూలకి.

డబ్ల్యూకీ సీకీ మధ్య రెసిస్టర్ పెడితే సరిపోతుందంటున్నారు, నిజమేనా?

సూత్రం సరైనదే. ఫర్నేస్ బోర్డు దగ్గర డబ్ల్యూకీ సీకీ మధ్య రెసిస్టర్ పెడితే దొంగ కరెంటు దాని గుండా పారి వోల్టేజీ లేవకుండా ఉంటుంది. కానీ హీటింగ్ నడుస్తున్నంతసేపూ దాని మీద పూర్తి 24 వోల్టులు పడతాయి. 500 ఓమ్‌లదైతే ఒక వాట్‌కి పైగా వేడి పుడుతుంది. పావు వాట్ రెసిస్టర్ పెడితే మాడిపోతుంది. సరైన వాటేజీ ఉన్నది ఎంచి, చుట్టూ ఏమీ తగలకుండా బిగించడం తెలిసినవాళ్లు చేయాల్సిన పని. ఫర్నేస్ దగ్గరికి ఎలాగూ వెళ్లారు కదా, రెసిస్టర్‌కి బదులు సీ వైరే కలపడానికి వీలుందేమో చూడటం మేలు.

నెస్ట్ సెట్టింగ్స్‌లో కనిపించే అంకెలకి అర్థం ఏమిటి?

టెక్నికల్ ఇన్ఫో కింద పవర్ అనే పేజీ ఉంటుంది. అందులో బ్యాటరీ వోల్టులు 3.6 కంటే కిందికి దిగుతున్నాయంటే నింపుకునే దానికంటే ఖర్చు ఎక్కువవుతోందని. ముందు వైఫై ఆపేస్తుంది, తర్వాత తెర. లోపలికి వచ్చే కరెంటు 20, 40 మిల్లీయాంపుల దగ్గరుంటే సీ లేకుండా లాగుతోందని, 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సీ కలిసిందని అనుకోవచ్చు. వోల్టేజీ 24కి బదులు 30లలో కనబడితే కంగారు పడకండి. 24 అనేది ఏసీ కరెంటు సగటు లాంటి కొలత. దాన్ని డీసీగా మారిస్తే శిఖరం విలువ సుమారు 34 వస్తుంది.

సీ వైరు ఉంది, అయినా ఎండాకాలం మధ్యలో థర్మోస్టాట్ తెర ఆరిపోయింది. ఎందుకు?

టెక్సాస్, ఫ్లోరిడా లాంటి ఉక్క ప్రాంతాల్లో ఇది చాలా మామూలు. థర్మోస్టాట్‌ని తిట్టే ముందు ఆటిక్‌లో (పైకప్పు కింది అటకలో) ఎయిర్ హ్యాండ్లర్ కింద ఉన్న పళ్లెం చూడండి. ఏసీ నుంచి కారే నీళ్లు పోయే గొట్టం పాచి పట్టి మూసుకుపోతే పళ్లెం నిండుతుంది. అక్కడ నీటి మట్టం పెరిగితే తెరుచుకునే ఫ్లోట్ స్విచ్ ఉంటుంది. చాలా ఇళ్లలో దాన్ని ఆర్ తీగకి వరసలో కలుపుతారు. నీళ్లు నిండగానే అది ఆర్‌ని తెంపేస్తుంది, సీలింగ్ తడిసి ఊడిపడకుండా కాపాడుతుంది. ఆర్ పోతే థర్మోస్టాట్‌కి కరెంటూ పోతుంది. డ్రెయిన్ గొట్టం శుభ్రం చేస్తే తెర దానంతటదే వెలుగుతుంది.

అది కాకపోతే ఫర్నేస్ తలుపు సరిగా మూసి ఉందో లేదో చూడండి, తలుపు వెనక ఒక సేఫ్టీ స్విచ్ ఉంటుంది. ఆ తర్వాత బోర్డు మీద కార్లలో వాడే రకం 3 లేదా 5 యాంపుల ఫ్యూజు. ఈ ఫ్యూజు పోయిందంటే ఆర్, సీ ఎక్కడో తగులుకున్నాయని అర్థం. చాలాసార్లు అది థర్మోస్టాట్ మార్చేటప్పుడు బ్రేకర్ ఆపకపోవడం వల్లే జరుగుతుంది.

మా గోడలో సీ వైరు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

బ్రేకర్ ఆపి, థర్మోస్టాట్ వెనక పలక ఊడదీయండి. సీ టెర్మినల్‌కి ఏమీ లేకపోయినా నిరాశ పడకండి. గోడ రంధ్రంలోకి కాస్త తొంగి చూడండి. ఐదో తీగ ఎవరికీ పనికిరాక కేబుల్ చుట్టూ చుట్టి వదిలేసి ఉండొచ్చు. అలా ఉంటే మీ పని సులువు. ఫర్నేస్ దగ్గర అదే కేబుల్ రెండో కొసలో అదే రంగు తీగని సీ టెర్మినల్‌కి బిగించి, గోడ దగ్గర థర్మోస్టాట్ సీకి బిగిస్తే చాలు. ఒక కొసనే కలిపి రెండోది మర్చిపోవడం తరచుగా జరుగుతుంది. కలిపాక ఆర్, సీ మధ్య మీటర్ పెట్టి 24 నుంచి 28 వోల్టులు వస్తున్నాయో లేదో చూసుకోండి.

మిగులు తీగ లేదు. నాలుగే ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి?

వీలైతే కొత్త కేబుల్ లాగించండి. 18 గేజ్, ఐదు లేదా ఎనిమిది తీగలది. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ ఉండి పైన హాల్లో థర్మోస్టాట్ ఉన్న ఇంట్లో ఇది పెద్ద కష్టం కాదు. రెండంతస్తుల ఇంట్లో గోడలు తొలవాల్సి వస్తే కష్టమే.

రెండోది, తీగలు ఆదా చేసే కిట్. ఎకోబీ పవర్ ఎక్స్‌టెండర్ కిట్ ఈ రకం. దీన్ని ఫర్నేస్ బోర్డు దగ్గర పెడతారు. వై, జీ రెండు ఆజ్ఞల్నీ ఒకే తీగ మీద పంపి, మిగిలిన తీగని సీగా వాడుకుంటారు. ఇలాంటి వాటిలో ఒక పద్ధతి, ఏసీ కరెంటు తరంగంలో పై సగానికి ఒక ఆజ్ఞ, కింది సగానికి ఇంకో ఆజ్ఞ అప్పగించి డయోడ్లతో విడదీయడం. తెలివైన ఏర్పాటు, బాగా పనిచేస్తుంది కూడా. నెస్ట్ వాళ్లు కూడా పవర్ కనెక్టర్ పేరుతో ఫర్నేస్ దగ్గర పెట్టేది ఒకటి అమ్ముతారు.

మూడోది, జీ తీగనే సీగా మార్చుకోవడం. ఫర్నేస్ దగ్గరా గోడ దగ్గరా జీ తీగని సీ టెర్మినల్‌కి మార్చి, ఫర్నేస్ బోర్డు మీద వై, జీ టెర్మినల్స్ మధ్య చిన్న తీగ కలిపితే ఏసీతో పాటు ఫ్యాన్ తిరుగుతుంది. గ్యాస్ ఫర్నేస్ హీటింగ్‌లో ఫ్యాన్‌ని తానే నడుపుకుంటుంది. ఫ్యాన్ ఒక్కటే తిప్పుకునే వీలు మాత్రం పోతుంది. ఎలక్ట్రిక్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో ఈ పని చేయకండి. అక్కడ హీటింగ్ కాయిల్స్ వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ని తిప్పేది జీ తీగే కావచ్చు.

ఆర్‌సీ, ఆర్‌హెచ్ అని రెండున్నాయి. సీ అంటే ఆర్‌సీనా?

కాదు. ఆర్‌సీ అంటే ఏసీ వైపు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ఆర్, ఆర్‌హెచ్ అంటే హీటింగ్ వైపుది. ఎక్కువ ఇళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే కాబట్టి రెండింటినీ కలుపుతూ చిన్న జంపర్ తీగ ఉంటుంది. బాయిలర్ (నీళ్లు కాచి ఇంటిని వేడిచేసే యంత్రం) వేరు, ఏసీ వేరు ఉన్న ఇంట్లో రెండు ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. అక్కడ జంపర్ తీసేయాలి. సీ ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రావాలో థర్మోస్టాట్ పుస్తకంలో చూసుకుని, దాన్నుంచే తీసుకోవాలి.

న్యూజెర్సీలో పాత ఇల్లు, బాయిలర్, గోడలో రెండే తీగలు. వైఫై థర్మోస్టాట్ పెట్టొచ్చా?

ఈశాన్య రాష్ట్రాల్లో బాయిలర్ ఇళ్లకి మారిన మనవాళ్లు చాలామంది దీన్నే అడుగుతారు. ఆర్, డబ్ల్యూ మాత్రమే ఉన్నప్పుడు దొంగతనానికి ఒక్కటే దారి, డబ్ల్యూ గుండా. అవతల చివర జోన్ వాల్వ్ (ఇంట్లో ఒక భాగానికి వేడినీళ్లు వదిలే వాల్వ్) ఉంటే దాన్ని కదిలించకుండా కరెంటు లాగడం కొన్నిసార్లు కుదురుతుంది, కొన్నిసార్లు కుదరదు. ఆయిల్ బర్నర్ కంట్రోల్‌కి టీ, టీ అని రెండు స్క్రూలే ఉంటే బయటికి తీసుకోవడానికి సీ అనేదే ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండాకాలం బాయిలర్ స్విచ్ ఆపేసే ఇళ్లలో థర్మోస్టాట్‌కి తిండి ఆగిపోతుంది. అక్టోబర్‌లో మళ్లీ వేసేసరికి లోపలి బ్యాటరీ చచ్చి ఉంటుంది.

ఇలాంటి చోట గోడ ప్లగ్‌కి పెట్టే 24 వోల్టుల ఏసీ అడాప్టర్ బాగా పనికొస్తుంది. దాని రెండు తీగలూ థర్మోస్టాట్‌ని పోషిస్తాయి, బాయిలర్ ఆర్, డబ్ల్యూ తమ పని తాము చేసుకుంటాయి. అయితే ఆ రెండు కరెంట్లూ లోపల కలిసిపోకుండా ఆర్‌సీ, ఆర్‌హెచ్ విడివిడిగా ఉన్న థర్మోస్టాట్ అయి ఉండాలి, లేకపోతే రెండు సర్క్యూట్లనీ విడిగా ఉంచే ఐసోలేషన్ రిలే మధ్యలో పెట్టాలి.

ఏ ఇళ్లలో ఈ థర్మోస్టాట్లు అసలు పెట్టకూడదు?

గోడలోంచి లావుపాటి తీగలు, ప్లాస్టిక్ టోపీల్లాంటి కనెక్టర్లతో వస్తే అది 120 లేదా 240 వోల్టుల బేస్‌బోర్డ్ హీటర్ (గోడ అడుగున ఉండే కరెంటు హీటర్). 24 వోల్టుల థర్మోస్టాట్ దానికి తగిలిస్తే కాలిపోతుంది, ప్రాణాపాయం కూడా. వాటికి వేరే థర్మోస్టాట్లున్నాయి.

పాత గ్యాస్ వాల్ హీటర్లు, ఫైర్‌ప్లేస్‌లు కొన్ని పైలట్ మంట వేడితో పుట్టే ముప్పావు వోల్టుతోనే నడుస్తాయి. అందులో లాక్కోవడానికి ఏమీ లేదు, మిల్లీవోల్ట్ రకమని రాసి ఉన్న బ్యాటరీ థర్మోస్టాటే పెట్టాలి. క్యారియర్ కంపెనీ ఇన్ఫినిటీ లాంటి హీటింగ్, ఏసీ సిస్టమ్స్‌లో ఏ, బీ, సీ, డీ అని నాలుగు తీగలుంటాయి. వాటిలో రెండు కరెంటుకి, రెండు సమాచారానికి. మామూలు థర్మోస్టాట్ ఆ భాష మాట్లాడలేదు.

కరెంటు బిల్లు పెరుగుతుందా?

థర్మోస్టాట్ ఎప్పుడూ ఒక వాట్ తింటుందనుకున్నా ఏడాదికి 9 యూనిట్ల లోపే. దాని గురించి ఆలోచించక్కర్లేదు.

డిసెంబర్‌లో నెల రోజులు ఇండియా వెళ్తున్నాం. సీ వైరు లేని థర్మోస్టాట్‌ని నమ్ముకోవచ్చా?

మంచు పడే ఊళ్లో అయితే నమ్మొద్దనే నా సలహా. బ్యాటరీ అయిపోతే హీటింగ్ ఆగిపోతుంది. హీటింగ్ ఆగితే గోడల్లో నీటి గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. మీరు తిరిగొచ్చేసరికి ఇల్లంతా నీళ్లు. వెళ్లేముందే సీ కలిపించండి. కుదరకపోతే ఆ నెలకి కొత్త సెల్స్ వేసిన సాదా బ్యాటరీ థర్మోస్టాట్ పెట్టి వెళ్లండి. ఇంటికి నీళ్లు వచ్చే మెయిన్ వాల్వ్ కట్టేయడం, తాళంచెవి ఒకటి నమ్మకమైన పొరుగువాళ్లకి ఇవ్వడం కూడా మర్చిపోవద్దు.

బ్రిటన్‌లోనూ, మన దగ్గరా ఇదే సమస్య ఉందా?

బ్రిటన్ బాయిలర్లలో చాలావరకు మీట నొక్కేది బాయిలర్ పక్కన ఉండే రిసీవర్. అది 230 వోల్టులతో నడుస్తుంది. గోడ మీది థర్మోస్టాట్ బ్యాటరీలతో నడుస్తూ దానికి వైర్‌లెస్‌గా చెప్తుంది. అక్కడి నెస్ట్‌కి హీట్ లింక్ అనే డబ్బా రెండు తీగల మీద 12 వోల్టులు పంపగలదు, దొంగతనం అవసరం లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో ఉండే స్ప్లిట్ ఏసీకి గోడ థర్మోస్టాటే ఉండదు.

అద్దె ఇల్లు. నేనే మార్చుకోవచ్చా?

ఓనర్‌ని రాతపూర్వకంగా అడిగి మార్చండి. బ్రేకర్ ఆపండి, తెర ఆరిపోయిందని చూసుకుని మొదలుపెట్టండి. 24 వోల్టులు మనిషికి ప్రమాదం కాదు గానీ ఫర్నేస్ తలుపు వెనక ఇంటి వోల్టేజీ ఉంటుంది. ఆ తలుపు తెరవాల్సి వస్తే, అలవాటు లేకపోతే, టెక్నీషియన్‌ని పిలవండి. పాతది పారేయకండి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి పెట్టాలి.

సొంతిల్లే. తీసేసిన పాత గుండ్రటి థర్మోస్టాట్‌ని ఏం చేయాలి?

మూత తీసి గాజు గొట్టంలో వెండిలా మెరిసేది ఉందేమో చూడండి. ఉంటే అది పాదరసం, చెత్తబుట్టలో వేయకూడదు. గొట్టం పగలకుండా ఒక డబ్బాలో పెట్టి, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. థర్మోస్టాట్ రీసైక్లింగ్ కార్పొరేషన్ అనే సంస్థ పాదరసం థర్మోస్టాట్లని సేకరిస్తుంది. హీటింగ్, ఏసీ సామాను టోకుగా అమ్మే దుకాణాల్లో కొన్నిచోట్ల వాళ్ల డబ్బాలుంటాయి.